కార్తెలూ కాళ్ళూ

ఏప్రిల్ 21, 2024, ఆదివారం

విజయవాడ స్టేడియం పొద్దున్న అయిదింటికే నడిచేవాళ్ళతో నిండింది. ఆరున్నరకి సగం ఖాళీ. ఏడింటికి వాచ్‌మన్, ఒక కుక్క.

మా జట్టులో కోర్టు గుమస్తాగారు, రిటైరైన లెక్కల మేష్టారు, ప్రెస్సు ఆయన, నేను. అందరికీ షుగరే. పేర్లకంటే ముందు నంబర్లు తెలుసు. "రెండొందల పదిగారు రాలేదేం?" అంటే ప్రెస్సు ఆయన రాలేదని.

ఏప్రిల్ 29

షాపులో బిల్లులు రాస్తూ కూర్చున్నా. మందుల హోల్‌సేల్‌లో లెక్కలు రాసేవాడికి క్యాలెండర్ అక్కర్లేదు. ఓఆర్ఎస్ పెట్టెలు కదులుతున్నాయి. ఎండాకాలం. షుగర్ స్ట్రిప్స్ కదలడం లేదు. మామిడిపళ్ళొచ్చాయి.

పండు తినబోయే ముందు వేలు గుచ్చుకునేంత నిజాయితీ ఎవరికీ లేదు.

మే 4

వియ్యంకుడుగారు నూజివీడు నుంచి రసాల బుట్ట పంపారు. పైన చీటీ: "మీక్కాదు బావగారూ, పిల్లలకి."

పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆ సంగతి ఆయనకి తెలుసు.

మే 8

నడక ఎక్కడ? జట్టులో చర్చ. పి.డబ్ల్యు.డి. గ్రౌండ్స్‌లో ఒకప్పుడు తిరిగేవాళ్ళం. ఈ జనవరి నుంచి అక్కడ 125 అడుగుల అంబేద్కర్. పీఠం ఇంకో 81 అడుగులు. రాజీవ్ గాంధీ పార్కు బస్టాండు దగ్గర, దూరం. రాఘవయ్య పార్కు చిన్నది, త్వరగా తల తిరుగుతుంది. బందరు రోడ్డు ఫుట్‌పాత్ మీద బళ్ళు.

చర్చ అయ్యేసరికి ఎండెక్కింది. ఇళ్ళకెళ్ళాం.

మే 13, సోమవారం

పోలింగు. బూతు దగ్గర క్యూ వీధి మలుపు దాటింది. కోర్టు గుమస్తాగారి చేతి గడియారం గంట గంటకీ వణుకుతోంది. లేచి కదలమని దాని సలహా. ఆయన లేచే ఉన్నారు. కదలడం ముందున్నవాళ్ళ చేతిలో ఉంది.

మే 14

ఫాస్టింగ్ ఇవ్వడానికి సూర్యారావుపేట. ల్యాబ్ కుర్రాడు ఎడంచేతి వేళ్ళు చూసి, సిరా వేలు వదిలేసి పక్క వేలు గుచ్చాడు. ఓటుకో వేలు, షుగర్‌కో వేలు.

నంబరు రాయను.

మే 25

రోహిణి కార్తె. నడక బందు.

మేష్టారు ఇంట్లోనే తిరుగుతున్నారు. హాలు నుంచి వంటిల్లు, వంటింటి నుంచి హాలు. వాళ్ళావిడ మా ఇంటికొచ్చి కూర్చుంది. "ఆయన వాకింగ్ అయ్యేదాకా ఇక్కడుంటానన్నయ్యగారూ. అడ్డం వస్తున్నానట."

మే 28

రాత్రి తొమ్మిదిన్నర. డాబా మీద నడక. సిమెంటు ఇంకా కాలుతోంది. నాలుగు డాబాల మీద నలుగురం. ఎవరి డాబా మీద వాళ్ళు. ఎదురుపడే ప్రశ్నే లేదు, అయినా చేతులెత్తి నమస్కారాలు.

తిన్న తర్వాత పావుగంట, పూటపూటకీ. 2013లో అమెరికాలో అరవై దాటిన పదిమంది మీద చూశారట. పొద్దున్నే ఒక్క బిగిన ముప్పావుగంట నడిచేకంటే రాత్రి భోజనం తర్వాతి షుగర్‌కి ఇదే మేలని తేలింది. ఆ పదిమందినీ రోహిణి కార్తెలో మా డాబా ఎక్కించలేదు.

జూన్ 1

బందరు రోడ్డు మాల్. ఏసీ. ప్రెస్సు ఆయన కనిపెట్టిన ఉపాయం. కింది అంతస్తులో మూడో చుట్టుకి సెక్యూరిటీ కుర్రాడు దగ్గరికొచ్చాడు.

"ఏం కావాలి సార్?"

"ఏం వద్దు బాబూ."

అదే అతనికి అనుమానం.

జూన్ 3

మధ్యాహ్నం కరెంటు పోయింది. మూడో అంతస్తు మామ్మగారు ఇన్సులిన్ సీసాని ఫ్రిజ్‌లోంచి తీసి చిన్న ముంతలో పెట్టింది. ముంతని తడి ఇసుక పోసిన కుండలో దించి, పైన తడిగుడ్డ కప్పింది. ఆ గుడ్డ ఆరకుండా చూడటం మనవడి ఉద్యోగం. గంటకో రూపాయి.

వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటిన చోట ఉంచకూడదని పెట్టె మీద రాసి ఉంటుంది. ఊళ్ళో ఆ చోటు ఎక్కడుందో రాయలేదు.

జూన్ 8

మృగశిర. చల్లబడాలి. పడలేదు.

జూన్ 20

మూడు నెలల షుగర్ వచ్చింది. 8.1.

డాక్టరు: "ఏం చేశారండీ ఈ మూడు నెలలూ?"

"ఏమీ చెయ్యలేదండీ."

"కనిపిస్తోంది."

బయట వరండాలో ముప్పైమంది. అందరి చేతిలో అవే కాయితాలు. దేశంలో 10 కోట్ల పైచిలుకు షుగర్ వాళ్ళున్నారని 2023లో ఐసీఎంఆర్ లెక్క తేల్చింది. సగంమంది సూర్యారావుపేటలో టోకెన్ తీసుకుని కూర్చున్నట్టుంది.

జూలై 12

ఏలూరు కాలవలో నీళ్ళు. మొన్నటిదాకా అడుగున ప్లాస్టిక్, బురద, ఒక కుర్చీ. కుర్చీ కొట్టుకుపోయింది.

నీళ్ళతో పాటు గట్టు మీదికి జనం కూడా వచ్చారు. డెల్టాకి నీళ్ళు వదిలితే నారుమళ్ళకి మంచిదని పేపర్లో వేశారు. ఫాస్టింగ్‌కి మంచిదని ఎవరూ వెయ్యలేదు.

జూలై 21, ఆదివారం

ఆషాఢ పౌర్ణమి. కోర్టు గుమస్తాగారు గిరి ప్రదక్షిణకి వెళ్ళొచ్చారు. కుమ్మరిపాలెం, విద్యాధరపురం, చిట్టినగర్, ఇంద్రకీలాద్రి చుట్టూ. ఒట్టి కాళ్ళతో.

జూలై 23

ఆయన కుడికాలి బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత బొబ్బ. చితికింది. మేజోడుకి తడి అంటుకుంటే వాళ్ళావిడ చూసింది. ఆయన చూడలేదు.

"అసలు నొప్పే లేదండీ" అన్నారు డాక్టరుతో, కొంచెం గర్వంగా.

డాక్టరు నవ్వలేదు. నైలాన్ పోగులాంటిది తీసి అరికాలి మీద అక్కడా ఇక్కడా తాకించాడు. "తెలుస్తోందా?" "ఎప్పుడు తాకించారు?" అన్నారీయన.

మూడు వారాలు నడక లేదు. వానాకాలం, చల్లటి పొద్దులు, కాళ్ళు మంచం మీద.

ఆగస్టు 16, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. మా ఆవిడ నాలుగింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. సంచీ నిండా తమలపాకులు, నానబెట్టిన శనగలు, రవికె గుడ్డలు. ఎన్ని మెట్లెక్కిందో, ఎన్ని దిగిందో.

ఆవిడకి వాకింగ్ అలవాటు లేదు. కూర్చునే అలవాటూ లేదు. షుగర్ కూడా లేదు.

ఆగస్టు 24

కంపెనీ కుర్రాడు, ఎంఆర్, ఆర్డర్ కోసం వచ్చి ఖాళీగా కూర్చున్నాడు. కబుర్లు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ గడప దగ్గరున్న 531 మందిని మూడేళ్ళు కనిపెట్టి చూసింది. 2006లో అచ్చయింది. నడక, తిండి మార్చుకున్నవాళ్ళలో జబ్బు రావడం 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మింగినవాళ్ళలో 26.4. రెండూ చేసినవాళ్ళలో 28.2.

లెక్కలు రాసేవాణ్ణి. ఆ మూడో అంకె దగ్గర కలం ఆగింది. కూడితే పెరగని కూడిక.

"మరి మీ బిళ్ళ అమ్మడం ఎలా?" అన్నా.

"నడవనివాళ్ళున్నారుగా సార్" అన్నాడు.

ఆగస్టు 31

వాన. రాత్రి నుంచి ఒకే ధార. మొగల్రాజపురంలో కొండ చరియ ఇంటి మీద పడింది. మనుషులు పోయారు.

నడక గురించి రాయడానికేమీ లేదు.

సెప్టెంబరు 2, సోమవారం

ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు. 1957లో కట్టాక ఇంత నీరు చూడలేదట. పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయి. అటు బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది. ఇటు గవర్నర్‌పేటలో కాఫీ దొరుకుతోంది. మధ్యలో ఒక ఫ్లైఓవర్.

సెప్టెంబరు 4

మా షాపు ప్యాకింగ్ కుర్రాడు వచ్చాడు. ఇల్లు సింగ్‌నగర్ అవతల. ఛాతీ లోతు నీళ్ళలో ఫ్లైఓవర్ దాకా, అక్కడి నుంచి తడిబట్టలతో ఇక్కడి దాకా నడక. జీతం కోసం కాదు. వాళ్ళమ్మ షుగర్ మాత్రలు డబ్బాతో సహా కొట్టుకుపోయాయి.

రెండు నెలలకి సరిపడా కట్టిచ్చాం. పాలిథిన్ కవర్లో పెట్టి, ఇంకో కవర్లో పెట్టి, చొక్కా లోపల దోపుకున్నాడు.

"తిండి?"

"పులిహోర పొట్లాలిస్తున్నారు సార్. బిస్కెట్లు, పాలు. అమ్మకి ఏది పెట్టాలి?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఓనరుగారు రెండు పెరుగు ప్యాకెట్లు తెప్పించారు.

కుర్రాడి జేబులో ఫోనుంది. ఆ రోజు అది ఎన్ని అడుగులు చూపించిందో అడగాలనిపించలేదు.

సెప్టెంబరు 7

వినాయక చవితి. ఉండ్రాళ్ళలో తీపి ఉండదు, తినొచ్చని మేష్టారు. అవి బియ్యప్పిండివి. ఆయన నలభయ్యేళ్ళు లెక్కలు చెప్పారు. సైన్సు కాదు.

అక్టోబరు 9, బుధవారం

మూలా నక్షత్రం. దుర్గమ్మ కొండ వైపు రోడ్లన్నీ మూసేశారు. ఆటోలు లేవు. బస్సులెక్కడో ఆపేశారు. ఊరు ఊరంతా నడుస్తోంది. చంకన పిల్లలు, నెత్తిన సంచులు, చేతిలో చెప్పులు. ఎవరూ దీన్ని వాకింగ్ అనుకోవడం లేదు.

కోర్టు గుమస్తాగారు చెప్పులతోనే బయల్దేరారు. క్యూ మొదట్లో వదిలి, తిరిగొచ్చేసరికి అవి లేవు.

అక్టోబరు 29

బీసెంట్ రోడ్డు. దీపావళి ముందరి జనం. నడవక్కర్లేదు. మధ్యలో నిలబడితే అదే తీసుకెళ్ళి ఏలూరు రోడ్డులో దింపుతుంది.

నవంబరు 4

షాపులో స్ట్రిప్స్ లేవు. స్టాకంతా మూడు రోజుల్లో పోయింది. స్వీట్ల పండగ వెళ్ళిన వారం.

నవంబరు 14

ప్రపంచ డయాబెటిస్ దినం. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళలో ఒకడైన బాంటింగ్ 1891లో ఈ రోజున పుట్టాడు. పొద్దున్నే బందరు రోడ్డులో ర్యాలీ. తెల్ల టోపీలు, బ్యానర్. మేమూ వెళ్ళాం. చల్లటి పొద్దు. ఎవరైనా నడుస్తారు.

చివర టిఫిన్. ఇడ్లీ, వడ, కేసరి. కేసరి ముందయిపోయింది.

నవంబరు 15

కార్తీక పౌర్ణమి. తెల్లారుజాము నాలుగింటికి కృష్ణ ఘాట్ల దారంతా మనుషులే. మే నెలలో పేపరు కోసం గేటు దాకా రానివాళ్ళు తడిబట్టల్లో మైలు నడిచి ఇంటికెళ్తున్నారు.

నవంబరు 19

కోర్టు గుమస్తాగారు అయ్యప్ప మాల వేశారు. మండలం రోజులు. పాదరక్షలు కూడవు. డాక్టరు చెప్పుల్లేకుండా గడప దాటొద్దన్నాడు. ఇద్దరి మధ్యా నలిగి గురుస్వామిని అడిగారు.

గురుస్వామి పంచె కాస్త పైకి లాగి చూపించాడట. దళసరి మేజోళ్ళు. ఆయనకి పద్ధెనిమిదేళ్ళుగా షుగర్.

డిసెంబరు 2

ప్రెస్సు ఆయనకి కొడుకు కొత్త గడియారం కొనిచ్చాడు. పదివేల అడుగులయితే దాని మీద బాణసంచా కనిపిస్తుంది. పదివేలన్నది డాక్టర్లు చెప్పింది కాదట. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రానికి పెట్టుకున్న పేరు.

ఆయనకి చెప్పాం. వినలేదు. రాత్రి పదకొండింటికి వీధిలో తిరుగుతున్నారు. బాణసంచా బాకీ ఉందట.

డిసెంబరు 16

ధనుర్మాసం. అయిదింటికి గుడికి బారులు. దొన్నెలో చక్కెర పొంగలి, నెయ్యి పైకి తేలుతూ. గుడిదాకా నడిస్తే ఖర్చయిందెంత, దొన్నెలో ఉన్నదెంత? మేష్టారు మనసులోనే లెక్క వేశారు. జవాబు చెప్పలేదు. దొన్నె ఖాళీ చేశారు.

డిసెంబరు 22, ఆదివారం

భవానీలు. ఎర్రబట్టలు, తల మీద ఇరుముడి. ఎక్కడెక్కడి నుంచో కాలినడకన. హోటల్ ముందు బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని మడమ మీద పగుళ్ళు వేలితో నొక్కి చూసుకుంటున్నాడు. ఎన్నాళ్ళు నడిచారని మేష్టారు అడిగారు. "లెక్కపెట్టలేదు బాబూ, అమ్మకి తెలుసు" అన్నాడు.

ప్రెస్సు ఆయన గడియారాన్ని చొక్కా చెయ్యి కిందకి జరిపారు.

జనవరి 5, 2025, ఆదివారం

స్టేడియంలో పుస్తకాల పండగ. మా నడక స్థలంలో షాపులు. సాయంత్రం వరస వరసా తిరిగాం. పుస్తకం దగ్గర ఆగితే నడక కాదు. ఆగకపోతే వచ్చిందెందుకు?

ప్రెస్సు ఆయన షుగర్ మీద మూడు పుస్తకాలు కొన్నారు. మోసింది నేను.

జనవరి 9

మిన్నెసోటా నుంచి బావమరిది ఫోను. బయట సున్నాకి కింద ఇరవయ్యట. మాల్ ఆఫ్ అమెరికాలో నడుస్తున్నాడు. షాపులు తెరవకముందే నడిచేవాళ్ళ కోసం తలుపులు తీస్తారట. అక్కడ సెక్యూరిటీ వాళ్ళు గుడ్ మార్నింగ్ చెప్తారట.

చలిదేశాల వాళ్ళకి షుగర్ చలికాలంలోనే పైకెక్కుతుంది. పండగల తిండి, ఇంట్లో కూర్చోవడం. ఎండాకాలం దిగుతుంది.

"మీకు హాయి బావా, ఏడాదంతా నడవచ్చు" అన్నాడు.

వాడు ఊరొదిలి చాలా ఏళ్ళయింది.

జనవరి 12

బ్యారేజీ మీద మంచు. ఎదుటి మనిషి దగ్గు వినపడ్డాక కనపడుతున్నాడు. మంకీ క్యాపులో అందరూ ఒకటే. ఎవరో నాకు నమస్కారం పెట్టి, ఇంటి సంగతులన్నీ అడిగి వెళ్ళారు. ఎవరో తెలీలేదు. అన్నిటికీ జవాబు చెప్పా.

జనవరి 14

సంక్రాంతి. అరిసెలు. వియ్యంకుడుగారి చీటీ ఈసారి లేదు.

జనవరి 27

మూడు నెలల షుగర్. నాది 6.9. మేష్టారిది 7.0. కోర్టు గుమస్తాగారిది 7.2. ప్రెస్సు ఆయనది 6.8, అందుకని కాఫీ ఆయనే ఇప్పించారు. చక్కెర లేకుండా.

దేనివల్ల? మేష్టారు: కాకర రసం. కోర్టు గుమస్తాగారు: స్వామి. ప్రెస్సు ఆయన: గడియారం, నానబెట్టిన మెంతులు. డాక్టరు: తను మార్చిన మాత్ర. ఎంఆర్ కుర్రాడు: అదే మాత్ర, తన కంపెనీది.

డిసెంబరు పేరు ఎవరూ ఎత్తలేదు.

ఫిబ్రవరి 4

రథసప్తమి. జిల్లేడాకులు, చిక్కుడాకుల మీద పరమాన్నం. నిన్నటిదాకా ఆరున్నరకి వచ్చే బ్యాచి ఇవాళ ఆరింటికే వచ్చింది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

మార్చి 6

ఆరింటి బ్యాచి అయిదున్నరకి. అయిదున్నర బ్యాచిలో సగంమంది లేరు. "పరీక్షలండీ, మనవరాలికి" అన్నారు ఒకరు. మనవరాలు ఎల్‌కేజీ.

మార్చి 30, ఆదివారం

ఉగాది. విశ్వావసు. పంచాంగ శ్రవణం. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం, వానలు, పంటలు. అన్నీ చెప్పారు.

పచ్చడిలో బెల్లం ఎక్కువైంది. వేపపువ్వు వేశాంగా, సరిపోతుందన్నారు మేష్టారు.

ఏప్రిల్ 11

ప్రెస్సు ఆయన సెకండ్‌హ్యాండ్ ట్రెడ్‌మిల్ కొన్నారు. ఇక కార్తెలతో పని లేదన్నారు. అమ్మినాయన అంతకుముందు దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకునేవాడట. మేడ మూడో అంతస్తు. లిఫ్ట్‌లో పట్టలేదు. నలుగురు హమాలీలు మెట్ల మీదుగా మోశారు. ప్రతి మలుపులోనూ "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ ప్రెస్సు ఆయన వెనకాలే ఎక్కారు.

పైకొచ్చేసరికి ఆయాసం. ట్రెడ్‌మిల్ అంచు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు.

ఈ రోజుకి ఇది చాలన్నారు.